పదిహేడో మగ్గం

రెండువందల చీరలు ఒక్కసారిగా పరీక్ష తప్పాయి. చదువుకున్నన్నాళ్లూ నేను ఏ పరీక్షా తప్పినదాన్ని కాదు కాబట్టి ఆ అవమానం నాకు కొత్త. కల్లూరులో మా అద్దె ఇంట్లో వంటగది గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత్తో ఉప్మా కలుపుతూ ఇంకో చేత్తో మీట నొక్కాను. తెర మీద చిన్న పట్టిక వచ్చింది. దాని చివరి గడిలో 'కాదు' అని ఉంది. ఉప్మా అడుగంటింది. కాలేజీకి పోయే షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నామె నా మొహం చూసి, "ఎవురన్నా పోయినారామ్మా?" అని అడిగింది.

నేను కర్నూల్లో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూనే కడపలో పీహెచ్‌డీకి చేరాను. చేనేత చీర నాణ్యతను నాలుగు కొలతలతో కలిపి తేల్చడం ఎలా అన్నది నా పరిశోధన. నేను పుట్టింది కడప జిల్లాలో ఒక నేత ఊళ్లో, నేతవాళ్ల ఇంట్లో. అందుకని చీరల కోసం దేశం తిరగాల్సిన పని లేకపోయింది. మా ఊరి చేనేత సొసైటీ అధ్యక్షుడు మా నాన్నతో కలిసి మగ్గం నేర్చుకున్న పెద్దాయన. "మన పిల్ల గదా, కొల్చుకోనీ" అని తాళాలు ఇప్పించాడు.

ఇరవై మగ్గాలు, మగ్గానికి పది చీరలు. ఎనిమిది నెలలపాటు సెలవు దొరికినప్పుడల్లా సొసైటీ గదిలో కూర్చుని ప్రతి చీరనూ తూచాను, వెడల్పు కొలిచాను, అంచు కొలిచాను, భూతద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పేక పోగులు పడ్డాయో లెక్కపెట్టాను. పేక అంటే మగ్గం మీద అడ్డంగా పడే దారం. ఎవరి చీర అన్నది తెలిస్తే చెయ్యి అటో ఇటో మొగ్గుతుందని, మగ్గాలకు అంకెలు వేయించాను. ఏ అంకె ఎవరిదో సొసైటీ గుమాస్తా ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బంక అంటించి నాకిచ్చాడు. దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టేశాను.

సామాన్య విభాజనం అంటే మా పిల్లలు క్లాసులో ఆవలిస్తారు గానీ, విషయం చాలా మామూలుది. ఒకే పనిని పదేపదే చేస్తే ఆ కొలతలు చాలావరకు మధ్యలో గుమిగూడతాయి, రెండు పక్కలకూ పోయేకొద్దీ పలచబడతాయి. బొమ్మ గీస్తే గంట ఆకారం వస్తుంది. నా పద్ధతి నిలబడాలంటే నాలుగు కొలతలూ విడివిడిగా గంటలైతే చాలదు, నాలుగూ కలిసి ఒకే గంట కావాలి. అది తేల్చడానికి పరీక్షలు ఉన్నాయి. గుంపు ఒక పక్కకు ఒరిగిందా అని ఒకటి చూస్తుంది. అంచుల్లో ఉండాల్సినదానికంటే ఎక్కువమంది చేరారా అని ఇంకొకటి చూస్తుంది. విడివిడిగా నా నాలుగు కొలతలూ చక్కగా పాసయ్యాయి. కలిపి చూసేసరికి రెండు పరీక్షలూ కాదన్నాయి. చింతపండు నాకి చూస్తే బాగుంది, బెల్లం బాగుంది, కారం బాగుంది, పులుసు మాత్రం నోట పెట్టనివ్వడం లేదు.

అది బుధవారం. సోమవారం కడపలో సెమినార్. థీసిస్ ఇచ్చే ముందు అందరికీ చెప్పి ఒప్పించుకోవాల్సిన సెమినార్ అది. చీరలిచ్చి పుణ్యం కట్టుకున్నారు కదా అని సొసైటీ వాళ్లను కూడా పిలిచాం. నా చేత పరిశోధన చేయిస్తున్న ప్రొఫెసర్ మేడంకి ఫోన్ చేశాను. ఆమె మాటలు ఎప్పుడూ పొదుపే. "ఏ చీరలు చెడగొడుతున్నాయో ముందు పట్టుకో" అని పెట్టేశారు.

పట్టుకునే దారి ఉంది. నాలుగు కొలతలూ కలిపి చూస్తే ఒక్కో చీర గుంపు నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో ఒక అంకె కట్టవచ్చు. ఆ రెండువందల దూరాలనూ చిన్న నుంచి పెద్దకు పేర్చి, గంట నిజమైతే ఎలా ఉండాలో ఆ అంకెలతో జతచేసి చుక్కలు పెడితే, అన్నీ ఒక వాలుగీత మీద కూర్చోవాలి. నూట తొంభై ఐదు కూర్చున్నాయి. చివరి ఐదు చుక్కలు గీతను వదిలేసి పైకి లేచాయి. ఏ మగ్గానివో చూశాను. ఐదూ పదిహేడువి. ఆ మగ్గానివే మిగతా ఐదు చీరలు మాత్రం బుద్ధిగా గీత మీదే ఉన్నాయి.

బీరువా తీసి, కవరు చించి చూశాను. పదిహేడు ఎదురుగా మా బావ పేరు ఉంది.

బావ అంటే మా అక్క భర్త. మా ఊళ్లో సన్నం నూలు నేతకు ఆయన చెయ్యి పెట్టింది పేరు. ఎవరన్నా చీర మెచ్చుకుంటే 'ఏంది, పై వీధి చెయ్యా?' అని అడుగుతారు. అక్కావాళ్ల ఇల్లు పై వీధిలో ఉంది. అలాంటి మగ్గం నుంచి ఐదు చీరలు ఒక రకంగా, ఐదు చీరలు ఇంకో రకంగా రావడమేమిటి? నాకు తోచింది ఒక్కటే, అది తోచగానే భయం వేసింది. బావ ఆ ఐదూ ఎక్కడో పవర్‌లూమ్‌లో నేయించి తెచ్చాడు.

భయం ఎందుకంటే, అంతకు ముందు ఒక సభ్యుడు అదే పని చేసి దొరికిపోయాడు. అప్పటి నుంచి సొసైటీ నియమం బిగించింది. సన్నం నూలు ఆర్డరు ఎవరి పేరున ఉంటే ఆ చీరలు ఆ చెయ్యే నెయ్యాలి. అలా నేస్తానని గుడిలో ప్రమాణం చేసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. మాట తప్పితే ఆర్డరు పోతుంది, సభ్యత్వం కూడా పోతుంది. అందరికంటే ముందు సంతకం పెట్టినవాడు మా బావే. అక్క ఇల్లు నడిచేది ఆ ఆర్డరు మీదే. సోమవారం నేను తెర మీద ఆ ఐదు చుక్కలూ చూపిస్తే, పెద్దాయన ముందు వరుసలో కూర్చుని ఉంటాడు.

గురువారం, శుక్రవారం క్లాసుల్లో ఏం చెప్పానో నాకే తెలీదు. శనివారం పొద్దున్నే కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కాను. దారి పొడుగునా బావను మనసులో తిడుతూనే ఉన్నాను. ఆళ్లగడ్డలో అహోబిలం పోయేవాళ్లు దిగారు. ఒకామె నా ఒళ్లో పడుకోబెట్టిన బిడ్డను తీసుకుంటూ, "సామి నీకు మేలు జేస్తాడు లేమ్మా" అంది. ఆ సామి స్తంభంలోంచి వచ్చి పొట్ట చీల్చినవాడు కాబట్టి, ఆ రోజు ఆ దీవెన నాకంత రుచించలేదు.

మా ఊళ్లో దిగి నడిచి పోతే, పై వీధి మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించింది. పోగు పడ్డాక దాన్ని ముందుకు తోసి బిగించే దువ్వెనలాంటి చట్రాన్ని అచ్చు అంటారు. బావ అచ్చు కొడితే ఒక్కటే దెబ్బ, గోడలు అదిరేట్టు. ఆ రోజు చప్పుడు వేరుగా ఉంది. రెండు చిన్న దెబ్బలు, కాస్త ఆగడం, మళ్లీ రెండు చిన్న దెబ్బలు. ఎండకు చెప్పులు కాలుతున్నా వీధిలోనే నిలబడి విన్నాను.

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతి మీద తువ్వాలు వేసుకున్నాడు.

"ఏమ్మా లెక్కల టీచరూ, చెప్పకుండానే వస్తివే?"

లోపల మగ్గం మోగుతూనే ఉంది.

"బావా, నువ్వు ఈడుండావు. మగ్గం మీద ఎవురుండారు?"

మగ్గం ఆగిపోయింది. బావ నవ్వబోయి నవ్వలేకపోయాడు. లోపల మగ్గం గుంతలోంచి లేచి, కొంగుతో మెడ తుడుచుకుంటూ అక్క గడపలోకి వచ్చింది.

"ఊరికే సాయం చేస్తాండాలే" అంది.

"బావ అరుగు మీద కూచోనుండాడు. సాయం ఎవురికి చేస్తాండావు?"

అక్క టీ తెచ్చింది. బావ ఎడమ చేత్తో గ్లాసు అందుకున్నాడు. అప్పుడు తువ్వాలు జారింది. స్కూటరు మీంచి పడి మణికట్టు విరిగిందని మాకు తెలుసు. కట్టు విప్పాక బాగైపోయిందని చెబితే నమ్మాం. ఎముక అతికింది నిజమే, కానీ వేళ్లకు పట్టు రాలేదు. బొటనవేలు, దాని పక్క వేలు ఎవరివో అన్నట్టు వేలాడుతున్నాయి.

"నాడె తాడు పట్టుకుంటే జారిపోతాంది పాపా" అన్నాడు బావ. నాడె అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే చెక్క. దాని తాడు లాగలేనివాడు మగ్గం ఎక్కలేడు. "కర్నూల్లో డాక్టరు, నిదానంగా వస్తాదిలేప్పా అన్న్యాడు. ఇంగా రాలేదు. అంతవరకు మీ యక్క..." అని ఆగిపోయాడు.

దొంగతనం అంటగట్టి బస్సంతా తిట్టుకుంటూ వచ్చిన మనిషి ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంకోటి కూడా అప్పుడే తగిలింది. నా థీసిస్ మొదటి అధ్యాయంలో 'ఒక మగ్గం మీద ఒకే చెయ్యి పనిచేస్తుందని భావించడమైనది' అని రాసుకున్నాను. వివరాలు నింపే ఫారంలో నేసేవారి పేరుకు ఒక గడి, సాయం చేసేవారి పేరుకు ఒక గడి గీశాను. మా నాన్న అన్నానికి లేచినప్పుడల్లా మా అమ్మ గుంతలో దిగి నేయడం చూస్తూ పెరిగినదాన్ని నేను. మా ఇళ్లలో ఆడమనిషి ఎన్ని గజాలు నేసినా నేసిందని అనరు, సాయం చేసిందంటారు. ఆ మాటను నేను తెచ్చుకుని ఇంగ్లీషులో టైపు చేసి, గడి గీసి, శాస్త్రం అనుకున్నాను. ఊరి బయటనుంచి వచ్చినవాళ్లయితే కనీసం అడిగి ఉండేవాళ్లు.

జరిగింది చెప్పాను. ఐదు చుక్కలు, సోమవారం, పెద్దాయన రావడం, అన్నీ. బావ జారిన తువ్వాలును మళ్లీ చేతి మీదికి లాక్కున్నాడు.

"ఆ పెద్దాయనకు తెలిస్తే నా మొగం యాడ పెట్టుకోవల్ల? గుడిలో మాటిచ్చినోన్ని. ఆ మగ్గం తీసేయ్ పాపా. ఇరవైలో ఒకటి లేకుంటే నీ లెక్క పాడైతాదా?"

"పాడు కాదు బావా" అన్నాను. బాగవుతుందని మాత్రం చెప్పలేదు.

"అయితే తీసేయ్. నీ కాళ్లు మొక్కుతా."

"అట్లనొద్దు. తీసేస్తాలే."

అక్క గడపకు ఆనుకుని అంతా వింది. ఒక్కటే అడిగింది. "ఏమే, ఆ చీరలు బాగలేవా?"

"బాగలేవని కాదక్కా. మిగతావాటి మాదిరి లేవు."

"ఊ" అని లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ రెండు చిన్న దెబ్బలు, ఆగడం, రెండు చిన్న దెబ్బలు మొదలయ్యాయి.

ఆదివారం కల్లూరులో పదిహేడో మగ్గాన్ని పూర్తిగా తీసేసి మీట నొక్కాను. రెండు పరీక్షలూ అవునన్నాయి. చుక్కలన్నీ గీత మీద బడి పిల్లల్లా వరుసగా నిలబడ్డాయి. సంతోషం వేసింది, దాచను. మేడం చేసిన ఫోన్ మాత్రం ఎత్తలేదు. 'అన్నీ సరిపోయాయి మేడం' అని మెసేజ్ పెట్టాను. ఆ మగ్గాన్ని ఎందుకు తీసేశానో సెమినార్లో ఒక కారణం చెప్పాలి కదా. చాలాసేపు ఆలోచించి, తెర మీద చూపించే పేజీలో 'పదిహేడో మగ్గం: కొలతల్లో లోపం వల్ల తొలగించడమైనది' అని రాశాను. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను.

సోమవారం కడపలో పది గంటలకే ఎండ గదిలోకి వచ్చి కూర్చుంది. కరెంటు పోయి వచ్చింది, ఫ్యాన్లు మూలుగుతూ తిరిగాయి. డిపార్ట్‌మెంటు వాళ్లు ఒక పక్క, మా ఊరివాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ముందు వరుసలో పెద్దాయన తెల్ల పంచెతో, పక్కన గుమాస్తా. వాళ్ల వెనక వరుసలో నేను అనుకోని మనిషి. అక్క కూర్చుని ఉంది. బావకు రావడానికి ధైర్యం చాలక, ఏం జరుగుతుందో చూసి రమ్మని సొసైటీ వాళ్ల బండిలో ఆమెను పంపాడు.

మొదలుపెట్టాను. మొదటి అరగంట బాగానే గడిచింది. చుక్కల బొమ్మ చూపించాను. ఎవరో బాగుందన్నారు. తర్వాత ఆ పేజీ వచ్చింది. ఏమీ ఎరగనిదానిలా దాన్ని గబుక్కున దాటించబోయాను.

"ఆగు" అన్నారు మేడం. "వెనక్కి రా. పదిహేడును ఎందుకు తీసేశావు? వాళ్లకు కూడా అర్థమయ్యేలా తెలుగులో చెప్పు."

"కొలతల్లో లోపం ఉంది మేడం."

"కొలిచింది నువ్వే కదా?"

"అవును మేడం."

"అదే భూతద్దం, అదే తక్కెడ. మిగతా పంతొమ్మిది మగ్గాలకు రాని లోపం దీనికే ఎలా వచ్చింది? లోపం నీ చేతిలో ఉంటే మొత్తం రెండువందలూ మళ్లీ కొలవాలి."

ఎనిమిది నెలల పని నా కళ్ల ముందు కుప్పకూలుతోంది. నోరు దానంతటదే కదిలింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

"కొలతల్లో కాదు మేడం. ఆ చీరల్లోనే లోపం ఉంది."

పెద్దాయన గుమాస్తా వైపు వంగాడు. పదిహేడంటే ఎవురిదని అడిగాడు. అంకెలు వేసింది గుమాస్తానే. అతను చెవిలో చెప్పాడు. పెద్దాయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమ్మా, పై వీధి చీరల్లో లోపమా? సన్నం ఆర్డరంతా ఆయప్ప దగ్గరే ఉండాది గదా. నువ్వు సదువుకున్నదానివి, తెల్సి చెప్తాండావా?"

నేను అవునని అనలేదు, కాదని అనలేదు.

"అయితే గోడౌన్లో ఆయప్ప చీరలన్నీ మల్లా తీసి చూడల్ల" అన్నాడు ఆయన గుమాస్తాతో. "అంతవరకు కొత్త నూలు ఇయ్యొద్దు. ఆపేయ్."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. నోరు మూసుకుంటే చెడ్డ చీరలు నేశాడన్న పేరుతో బావ ఆర్డరు పోతుంది. నోరు తెరిస్తే ప్రమాణం తప్పాడన్న పేరుతో పోతుంది. కాపాడబోయి నేనే ముంచాను. అక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు. తెర మీదున్న ఆ ఒక్క వాక్యాన్ని, పెదవులు కదుపుతూ మళ్లీ మళ్లీ చదువుతోంది. తర్వాత లేచి నిలబడింది.

"పెద్దనాయనా" అంది. "మా చెల్లెలు అబద్ధం చెప్తాండాది."

గదిలో అందరూ వెనక్కి తిరిగారు.

"చీరల్లో ఏ లోపమూ లేదు. కొలతా సరిగ్గానే కొల్చింది. వాటిని నేసింది మా ఆయన కాదు. నేను."

"నువ్వా?"

"ఆయప్ప స్కూటరు మీంచి పడినాక చెయ్యి పట్టు రాలేదు. అప్పటి నుంచి నేనే నేస్తాండా."

"సాయం చేస్తాండావా?"

"సాయం కాదు. నేస్తాండా."

మేడం కోపంగా లేరు. అది ఇంకా భయపెట్టింది. "ఆ ఐదు చీరల కొలతలు తెర మీద పెట్టు" అన్నారు నాతో. పెట్టాను. అంకెలను ఎప్పుడూ చుక్కలుగానే చూసిన నేను, ఆ రోజే వాటిని చీరలుగా చూశాను. మిగతా మగ్గాల్లో పోగులు దట్టమైతే వెడల్పు కాస్త తగ్గుతుంది. గట్టిగా కొట్టే చెయ్యి దారాన్ని గట్టిగా లాగుతుంది కూడా, బట్ట లోపలికి గుంజుకుంటుంది. ఆ ఐదింట్లో పోగులూ నిండుగా ఉన్నాయి, వెడల్పూ నిండుగా ఉంది. అందుకే విడివిడిగా ఏ కొలతా దారి తప్పలేదు, కలిపి చూస్తే మాత్రం గుంపుకు దూరంగా నిలబడ్డాయి.

అది నేను నోరు తెరిచి వివరించేలోపే పెద్దాయన ముందుకు వంగి, వేలితో ఒక వరుస చూపించాడు. "పోగులు ఇంత దట్టంగా పడి వెడల్పు తగ్గలేదా? ఎట్ల కొడతాండావమ్మా అచ్చు?"

అక్క కుడి చెయ్యి గాల్లోకి ఎత్తింది. ఒక పెద్ద దెబ్బ కొట్టే బలం తనకు లేదంది. అందుకని రెండు చిన్న దెబ్బలు వేస్తానని, మధ్యలో దారాన్ని వదులుగా వదులుతానని, చేత్తో చూపించింది. అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య, లేని మగ్గం మీద, లేని అచ్చును రెండుసార్లు తన వైపు లాక్కుంది. పెద్దాయన చెయ్యి ఒడిలో దానంతటదే కదలడం చూశాను. అరవై ఏళ్ల నేత ఆయనది.

"బాగుండాది" అన్నాడు చివరికి. "శానా బాగుండాది. కానీ నియమం నియమమే గదమ్మా. ఆయన పేరు మీద నీ చీర తీసుకునేకి కుదరదు. ఆర్డరు ఆయన పేరు మీంచి తీసేయల్ల."

"తీసేయండి."

"నీకు సభ్యత్వం ఇయ్యల్లంటే కమిటీ ఒప్పుకోవల్ల. ఒప్పుకుంటారో లేదో నేను మాటియ్యలేను. రాసుకోప్పా" అని గుమాస్తాకు సైగ చేసి, "నీ పేరేందమ్మా?" అని అడిగాడు.

ఇరవై ఏళ్లుగా ఆమె ఆ సొసైటీకి నూలు కోసం పోతోంది, చీరలు మోసుకుని పోతోంది. పెద్దాయన ఆమె పెళ్లిలో అక్షింతలు వేశాడు. పేరు తెలీదు. అక్క తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది.

నా సెమినార్ సంగతి మేడం రెండు ముక్కల్లో తేల్చారు. "ఒక మగ్గానికి ఒక చెయ్యి అని నువ్వు ముందే అనుకున్నావు. పరీక్ష కాదన్నది దాన్ని. నువ్వు పరీక్ష మాట వినకుండా మనిషిని తీసేశావు." ఆరు నెలల గడువు ఇచ్చి మళ్లీ రాయమన్నారు. ఇరవై ఇళ్లకూ మళ్లీ పోయి, నిజంగా ఎవరెవరు నేస్తున్నారో అడిగి రమ్మన్నారు. నేను తల ఊపాను. వాదించడానికి నాకు మొహం చెల్లలేదు.

సొసైటీ బండిలో అక్క ఎక్కలేదు. ఇద్దరం బస్సులో బయలుదేరాం. బస్సు మైదుకూరు దాటింది. కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అని పక్కకు చూడటానికి నాకు భయం వేసింది.

"అక్కా, నన్ను తిట్టు" అన్నాను.

"ఆయప్ప వద్దంటే ఊరుకుంటి" అంది కొంగు తీయకుండానే. "నా పేరు చెప్పకున్నా సరేలే అనుకుంటి. చీర చెడిందంటే మాత్రం ఓర్చుకోలేకపోతి."

ఎండ దిగుతుండగా మా ఊరి స్టేజీలో దిగాం. బావ అక్కడే, ఇనుప బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఫోన్ చేసి అంతా చెప్పేశాడని ఆయన మొహమే చెబుతోంది. అక్క ఆయన ముందుకు పోయి ఆగింది.

"చెప్పేసినా. ఆర్డరు నీ పేరు మీద లేదింగ."

బావ ఎడమ చెయ్యి చాపి ఆమె చేతిలోని సంచి తీసుకున్నాడు. నా మీద అరుస్తాడని, మాట తప్పావంటాడని, పరువు తీశావంటాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"తీసేయమన్నది నేనే పాపా. కాదన్ను. మీ యక్క నేసిన చీర చెడిందని చెప్పమన్న్యానా?"

ఆయన సంచిని భుజానికి తగిలించుకున్నాడు.

"నేనంటే స్కూటరు మీంచి పడి చెయ్యి పోగొట్టుకుంటి. నీకేమైంది?"

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసి, చాల్లే పద అంది. వాళ్లిద్దరూ ముందు నడిచారు. నేను వెనకాల నడిచాను.